అది గిటారు కాదు, ఊద్

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పశ్చిమాసియా గురించి వేసిన పేజీలో ఒక ఫోటో ఉంది. ఒక పెద్దాయన, ఆయన ఒడిలో సగానికి కోసిన సొరబుర్రలాంటి వాద్యం. కింద ‘గిటారు వాయిస్తున్న అరబ్బు కళాకారుడు’ అని వేశారు. అది గిటారు కాదండీ, ఊద్. అంతకన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టింది వ్యాసంలోని ఒక వాక్యం. యూదుల సంగీతానికీ అరబ్బుల సంగీతానికీ ఏనాడూ పొత్తు లేదని రాశారు. ఈ రెండు తప్పులనూ దిద్దమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను నల్గొండలో హార్మోనియంలు బాగుచేస్తాను. 31 ఏళ్ళుగా ఇదే పని. భజన మండలుల పెట్టెలు, చర్చి పెట్టెలు, చిరుతల రామాయణం ఆడేవాళ్ళ పెట్టెలు, ఉర్సు దగ్గర పడితే కవ్వాలీ వాళ్ళ పెట్టెలు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. రెండు నెలల కిందట కట్టంగూరు వైపు నుంచి ఒకాయన దుప్పట్లో చుట్టి ఊద్ తీసుకొచ్చాడు. కువైట్‌లో 14 ఏళ్ళు కారు నడిపాడు. తిరిగి వచ్చేస్తుంటే ఆ ఇంటి ముసలి యజమాని చేతిలో పెట్టాడట. మన ఎండకు పైపలక అంచు లేచిపోయింది, వీపు మీద ఒక బద్ద విడిపోయింది.

ఎత్తితే ఖాళీ చాటలా తేలిగ్గా లేచింది. వీపంతా పలుచని చెక్క బద్దలే. వేడి మీద వంచి ఒకదాని పక్కన ఒకటి అతికించారు. లెక్కపెడితే 19 ఉన్నాయి. బిరడాలుండే తల వెనక్కి విరిచినట్టు వంగి ఉంది. తీగలు 11. ఐదు జంటలు, ఒంటరిగా ఒక మంద్ర తీగ. మెడ మీద మెట్లు లేవు. సితారకూ గిటారుకూ ఉన్నట్టు ఇక్కడ నొక్కు అని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు, వేలు ఎక్కడ ఆనితే అక్కడే స్వరం. మీటే పుల్లను ‘రీష’ అంటారు, ఈక అని అర్థం. పూర్వం గద్ద ఈకతోనే మీటేవారు. ఇక ఊద్ అంటే అరబ్బీలో చెక్క. పీర్ల పండుగలో నిప్పుల మీద వేసే మన ఊదు కూడా ఆ మాటే. పొగ రూపంలో ఎన్నో తరాలుగా మన ఊళ్ళలో ఉన్న పేరును ఫోటో కింద వేయడానికి మీకు అడ్డేముంది?

అతుకులు ఆరాక నా హార్మోనియం పక్కన పెట్టుకుని శ్రుతి చేశాను. మనకు రాగాలున్నట్టు వాళ్ళకు మకాంలున్నాయి. ఫోనులో ‘రాస్త్’ అనే మకాం వింటూ దాని గాంధారం కోసం వెతికాను. సాధారణ గాంధారం నొక్కితే తక్కువైంది. అంతర గాంధారం నొక్కితే ఎక్కువైంది. వాళ్ళ స్వరం ఆ రెంటి నడుమ సందులో ఉంది. నిషాదమూ అంతే. ఊద్ మీద వేలు కొద్దికొద్దిగా జరిపితే దొరికింది. దొరికిన క్షణాన పైపలక నా ఛాతీకి ఆనుకుని సన్నగా అదిరింది. ఇన్నేళ్ళు రీడ్లు గీకి శ్రుతులు సరిచేసినవాడిని, అంత చక్కని స్వరానికి నా పెట్టెలో చోటు లేదని ఆ రోజే తెలుసుకున్నాను. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది. అరబ్బులూ 1932లో కైరోలో పెద్ద సంగీత సభ పెట్టుకుని, ఆ నడిమి స్వరాలు పలకని పియానోను తమ సంగీతంలోకి రానివ్వాలా వద్దా అని గట్టిగా వాదించుకున్నారు.

మీ వ్యాసంలోని మాట నిలవదని చెప్పడానికి ఆ సభ ఒక్కటి చాలు. ఇరాక్ తరఫున పాడినాయన ముహమ్మద్ అల్ కుబ్బాంజీ, ముస్లిం. ఆయనకు పక్కవాద్యాలు వాయించినవారిలో దాదాపు అందరూ బాగ్దాద్ యూదులు. ఊద్ మీద ఎజ్రా అహరోన్, కానూన్ మీద యూసుఫ్ జారూర్. కానూన్ అంటే మనకు చట్టమని తెలుసు. ఈ వాద్యం పేరూ అదే మాట. స్వరమండలాన్ని చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. ఒక్కో స్వరానికి మూడేసి తీగలు, మొత్తం డెబ్బైకి పైనే. చూపుడువేళ్ళకు ఉంగరాలు తొడిగి, వాటిలో దోపిన పుల్లలతో మీటుతారు. ఆ బృందంలోనే జోజా అనే కమాను వాద్యం కూడా ఉంది. దాని బుర్ర కొబ్బరి చిప్ప. అరబ్బీలో కొబ్బరికాయను ‘హింద్ కాయ’ అంటారు. మన పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెరకు సొరబుర్రలు కట్టినట్టే, బాగ్దాద్‌లో కొబ్బరి చిప్పకు తోలు బిగించి నాలుగు తీగలు కట్టుకున్నారు.

మరమ్మతు పెట్టెతో వచ్చిన పాస్టరు గారొకరు ఈ ఊద్‌ను చూసి, బైబిలులోని సితారా ఇదేనా అని అడిగారు. కాదు. తెలుగు బైబిలులో సితారా అని ఉన్నచోట హీబ్రూలో ఉన్నది ‘కిన్నోర్’, అది వేరే తీగల వాద్యం. అయితే బబులోను నదుల దగ్గర నిరవంజి చెట్లకు సితారాలు తగిలించి ఏడ్చారే, ఆ నేల నేటి ఇరాకే. అప్పుడు చెరపట్టుకుపోయిన యూదుల సంతతి రెండున్నర వేల ఏళ్ళు అక్కడే బతికింది. అరబ్బీ మాట్లాడింది, మకాంలు పాడింది. 1936లో ఇరాక్ రేడియోకు వాద్యబృందాన్ని కూర్చింది సాలిహ్ అల్ కువైటీ. ఆయనది వయొలిన్, తమ్ముడు దావూద్‌ది ఊద్. కువైట్‌లో పుట్టిన యూదులు వాళ్ళు. సాలిహ్ కట్టిన పాట ఒకటి వినిపిస్తే మా కట్టంగూరు ఆయన ఉలిక్కిపడి, ‘ఇది మా యజమాని కారులో రోజూ పెట్టేవాడు’ అన్నాడు.

1950, 51లలో లక్షా ఇరవై వేల మందికి పైగా యూదులు ఇరాక్ వదిలి ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఆ అన్నదమ్ములూ వెళ్ళారు. బాగ్దాద్‌లో పాటలు మిగిలాయి, కట్టినవారి పేర్లు చెప్పడం మానేశారు. అక్కడ టెల్ అవీవ్‌లో ఆ ఇద్దరూ వంటసామాన్ల దుకాణం పెట్టుకుని బతికారు. ఈ సంగతి చదివిన రోజు నాకు పని సాగలేదు.

బాగ్దాద్ ఒక్కటే కాదు. సిరియాలోని అలెప్పో నుంచి వచ్చిన యూదులు జెరూసలేంలో ఇప్పటికీ చలికాలం శనివారాల్లో తెల్లవారకముందే లేచి, హీబ్రూ కీర్తనలను అరబ్బీ మకాంలలో పాడతారు. విశ్రాంతి దినాన వాద్యం ముట్టరు కాబట్టి ఉత్త గొంతులతోనే పాడతారు. యెమెన్ యూదులు డబ్బా రేకు మీద, రాగి పళ్ళెం మీద దరువేస్తారు. మన పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా ఆ యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బులతో వచ్చిందే.

యుద్ధ వార్తలు మీరు రాయక తప్పదు. కానీ ఆ యుద్ధం గీసిన గీతను వెనక్కి సాగదీసి ఎజ్రా అహరోన్‌కూ అల్ కుబ్బాంజీకీ మధ్య గీయకండి. వచ్చే ఆదివారం ఆ ఫోటో కింద సరైన పేరు వేయండి, వీలుంటే ఆ బాగ్దాద్ వాద్యకారుల మీద అరపేజీ ఇవ్వండి.

ఊద్ ఇంకా నా దగ్గరే ఉంది. మార్చాల్సిన మంద్ర తీగ హైదరాబాద్‌లో దొరక్క, కువైట్ నుంచి సెలవు మీద వచ్చే ఒకాయనతో తెప్పిస్తున్నాం. వచ్చే నెల మొదటి వారం దాకా ఇక్కడే ఉంటుంది. మీ విలేఖరిని పంపితే మిగతా పది తీగలూ మీటి ఆ గాంధారం వినిపిస్తాను.

ఇట్లు,
ఒక హార్మోనియం మరమ్మతుదారు,
నల్గొండ