పోటీలో వేసుకోలేని లియోటార్డులు: డబ్బు వాపసు, సైజు చార్టు సవరణ కోరుతూ ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్న తొమ్మిదేళ్ల పాప తల్లిని. మా క్లబ్ అమ్మాయిలందరికీ పోటీ కోసం మీ దగ్గర ఫుల్ హ్యాండ్స్ లియోటార్డులు (జిమ్నాస్ట్‌లు వేసుకునే, ఒంటికి అతుక్కుని ఉండే డ్రెస్సులు) ఆర్డర్ చేశాం. డబ్బు ముందే కట్టాం. మీరు అడిగిన కొలతలన్నీ పంపాం. సరుకు పోటీకి ముందు రోజు సాయంత్రం చేతికందింది, కాబట్టి మార్పించుకునే వ్యవధి కూడా లేకపోయింది.

అసలు లోపం మీ సైజు చార్టులోనే ఉంది. అందులో వయసు, ఎత్తు, ఛాతీ, నడుము అడుగుతారు. లియోటార్డుకు అన్నిటికంటే ముఖ్యమైన కొలత మాత్రం అడగరు. టేపును భుజం మీద పెట్టి, ముందు నుంచి కిందికి దించి, కాళ్ల మధ్యగా వెనక్కి తీసి, మళ్లీ అదే భుజం దాకా తెచ్చి చూడాలి. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి కాళ్లు పొడుగుంటాయి, ఇంకొకరికి నడుము పై భాగం పొడుగుంటుంది. మా పాప రెండో రకం. చేతులు పైకెత్తగానే గుడ్డ భుజాలను కిందికి గుంజుతుంది, వెనక వైపు పైకి లాక్కుపోతుంది. గజ్జల దగ్గర ఎలాస్టిక్ ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయింది. కురచగా ఉన్న పిల్లలకేమో అదే సైజు పొట్ట దగ్గర ముడతలు పడింది.

పిల్లలు నడుస్తూ, తిరుగుతూ విన్యాసాలు చేసే బీమ్ అనే సన్నటి దూలం వెడల్పు 10 సెంటీమీటర్లు. దాని మీద నిలబడ్డ పిల్ల కాలు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి గానీ గుడ్డ ఎక్కడిదాకా జరిగిందో కాదు. మా పాప తిరిగే ముందు ఒక చేత్తో లియోటార్డు సర్దుకుంది, బ్యాలెన్స్ తప్పింది. ఈ ఆటలో చిన్న తేడా ఎంత ఖరీదైనదో మీకు తెలియంది కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కు వాల్ట్ (పరుగెత్తి వచ్చి బల్ల మీదుగా దూకే అంశం) కాంస్యం 0.150 పాయింట్ల తేడాతో చేజారింది.

ఇక చేతుల సంగతి. నెట్ క్లాత్‌కు లోపల లైనింగ్ లేదు, చంక కుట్టు గరుకుగా ఉంది. మెరిసే రాళ్లు చేతి లోపలి వైపు కూడా అతికించారు, చెయ్యి ఒంటికి ఆనినప్పుడల్లా గీసుకుంటున్నాయి. జడ్జీలకు కనబడని చోట ఆ మెరుపు ఎవరి కోసం?

ఫోన్ చేస్తే మీ సిబ్బంది "వేసుకుంటూ ఉంటే సాగుతుందండీ" అన్నారు. మెరుపు పూత వేసిన గుడ్డ మామూలు లైక్రాలా సాగదని బట్టలు కుట్టే మీకు చెప్పాల్సి రావడం బాధగా ఉంది. వాడిన బట్ట వాపసు తీసుకోబోమని కూడా అన్నారు. వేసుకుని చూడకుండా అది సరిపోదని ఎలా తెలుస్తుంది?

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరే విషయం. మా క్లబ్‌లో పదమూడేళ్ల అమ్మాయి ఒకరు, ఇలాంటి డ్రెస్ అయితే ఇక పోటీకి రానని ఏడ్చింది. ఆ వయసు పిల్లలకు ఒళ్లు కనబడుతుందేమోనన్న టెన్షన్ చిన్నది కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు చీలమండల దాకా కప్పే యూనిటార్డులతో ఆడారు, నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. న్యూజిలాండ్‌లో 2024 నుంచి లియోటార్డు మీద షార్ట్స్ గానీ లెగ్గింగ్స్ గానీ వేసుకోవచ్చు. మీ కేటలాగులో మాత్రం పిల్లల సైజుల్లో యూనిటార్డు ఒక్కటీ లేదు.

మా ఆర్డర్ మొత్తానికి డబ్బు వాపసు ఇవ్వండి, లేదా భుజం నుంచి కాళ్ల మధ్యగా మళ్లీ అదే భుజం దాకా కొలతలు తీసుకుని, చేతులకు లైనింగ్ వేసి కొత్తవి కుట్టివ్వండి. ఆ కొలతను సైజు చార్టులో చేర్చండి. టీమ్ ఆర్డర్లకు ముందుగా ఒక శాంపిల్ పంపితే పిల్లలు స్ప్లిట్ (కాళ్లు పూర్తిగా చాపడం), బ్రిడ్జ్ (ఒంటిని వెనక్కి విల్లులా వంచడం) చేసి చూసుకుంటారు. యూనిటార్డులు కూడా పిల్లల సైజుల్లో పెట్టండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. బిల్లు, ఫొటోలు, కోచ్ రాసిచ్చిన లేఖ జతచేస్తున్నాను.

ఇట్లు,
క్లబ్ తల్లిదండ్రుల తరఫున,
ఒక జిమ్నాస్ట్ తల్లి,
హైదరాబాద్