సూరికి ఉత్తరం: చైనా వెళ్ళిన నిప్పు

ఒరే సూరీ,

నీ ఉత్తరం అందింది. పార్సీగుట్ట మీదుగా వెళ్తుంటే పార్సీల మతం గురించి, అంటే నిప్పుని కొలిచే జరతుష్ట్రుడి మతం గురించి, అనుమానం వచ్చిందన్నావు. "ఈ మతం ఒకప్పుడు చైనాలో కూడా ఉండేదటగా, అక్కడ ఎవరు ప్రచారం చేశారు?" అని అడిగావు. మెలికంతా ఆ ప్రశ్నలోనే ఉందిరా. ఎవరూ ప్రచారం చెయ్యలేదు. బౌద్ధులు సూత్రాలను కుప్పలుగా చైనీస్‌లోకి తెచ్చుకున్నారు. మానీ అనే ప్రవక్త మతం వాళ్ళూ తెచ్చుకున్నారు, సిరియా సంప్రదాయపు క్రైస్తవులూ తెచ్చుకున్నారు. జరతుష్ట్రుడి మతానికి మాత్రం చైనీస్‌లో ఒక్క గ్రంథం కూడా బయటపడలేదు. చైనా పడమటి అంచున దున్‌హువాంగ్ గుహలో దొరికిన ఒక సోగ్డియన్ (మధ్య ఆసియా వర్తకుల భాష) కాగితం ఉంది. అందులో పైన అషెం వోహు అనే జరతుష్ట్ర మంత్రం, కింద జరతుష్ట్రుడు పరమదేవుణ్ణి కలిసిన ఘట్టం, అంతే. (ఆ "అష" మన వేదంలో "ఋతం"కి తోబుట్టువు.)

వెళ్ళినవాళ్ళు వర్తకులు. సమర్కండ్, బుఖారా, కేష్, తాష్కెంట్ వైపు సోగ్డియన్లు. దేవుళ్ళు వాళ్ళ ఇంటి సామాను లాంటివాళ్ళు, ఎక్కడ బిడారు దిగితే అక్కడ దిగేవాళ్ళు. 1907లో దున్‌హువాంగ్‌కి పడమర ఒక పాడుబడ్డ కాపలా బురుజులో పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టైన్‌కి కొన్ని సోగ్డియన్ ఉత్తరాలు దొరికాయి. అవి క్రీ.శ. 313 ప్రాంతానివి. ఒక దానిలో చైనా రాజధాని లోయాంగ్ తగలబడిందని, చక్రవర్తి పారిపోయాడని, అక్కడి భారతీయులూ సోగ్డియన్లూ ఆకలితో పోయారని కబురు. ఇంకో రెండిట్లో మివ్నాయ్ అనే ఆవిడ గోడు. మొగుడు దున్‌హువాంగ్‌లో వదిలేసి పోయాడు, నీ పెళ్ళాంగా ఉండేకంటే కుక్కకో పందికో పెళ్ళాంగా ఉండటం నయం అని అతనికే రాసింది! ఆమెకి పూట గడిపించి, వెళ్తానంటే ఒంటెనిస్తానన్నది గుడి పూజారి. అంటే 4వ శతాబ్దం మొదట్లోనే ఆ ఊళ్ళో సోగ్డియన్ గుడీ, పూజారీ ఉన్నారన్నమాట. తుర్ఫాన్‌లో దొరికిన 430 నాటి ఒక బౌద్ధ సూత్రం చివర "గావ్‌చాంగ్ ఊరికి తూర్పున ఉన్న హూ-తియన్‌కి దక్షిణంగా" అని చోటు గుర్తు చెప్పారు. హూ-తియన్ అంటే పరదేశుల ఆకాశదేవుడు. బౌద్ధుడు కూడా దాన్ని బండగుర్తుగా వాడాడంటే ఊళ్ళో అందరికీ తెలిసిన గుడే.

తర్వాత సర్కారు వాళ్ళ మీద పట్టు ఎలా సంపాదించిందో చూడు. బిడారు పెద్దని మన కావ్యాల్లో సార్థవాహుడు అంటారు కదా. ఆ మాటే సోగ్డియన్‌లో సార్తపావ్ అయి, చైనావాళ్ళ నోట సాబావ్ అయింది. చైనా దాన్ని ఏకంగా ఉద్యోగం చేసేసింది. స్వీ రాజుల కాలంలో (581-618) రాజధాని సాబావ్‌కి 7వ తరగతితో సమానమైన హోదా (అంకె తగ్గేకొద్దీ హోదా పెద్దది). 200 ఇళ్ళకి మించి పరదేశులున్న జిల్లాలో సాబావ్‌కి 9వ తరగతి హోదా. తాంగ్ కాలానికి (618-907) సాబావ్ 5వ తరగతికి ఎక్కాడు, అతని కచేరీలో గుడి వ్యవహారాలు చూసే అధికారికి 7వ తరగతి ఇచ్చారు. పూజారికి కూడా కొలువే. తాంగ్ రాజధాని చాంగాన్‌లో (ఇప్పటి షియాన్) బూజెంగ్ పేటలో 621లో గుడి కట్టారు. 631లో హె లూ అనే పూజారి దర్బారుకి వచ్చి మతం గురించి విన్నవించుకుంటే ఇంకో గుడికి అనుమతి వచ్చింది. ఈ గుళ్ళకి సర్కారు పెట్టిన షరతు ఏమిటంటే, ఏడాదికి రెండు సార్లు పూజ, చైనా జనం మాత్రం మొక్కకూడదు. ఈ షరతు ఎంత నిలిచిందో కింద చెప్తాను.

వీళ్ళ దేవుడి కోసం తాంగ్ కాలంలో కొత్త అక్షరమే పుట్టింది. ఎడమ పక్క దేవతలకి సంబంధించిన గుర్తు, కుడి పక్క ఆకాశం గుర్తు. పలకడం షియెన్. ఆకాశం గుర్తులో పైగీత అడ్డంగా ఉండాలి. అది కాస్త వాలిందంటే దయ్యం, మాయ అనే అర్థం వచ్చే అక్షరం! రాతగాళ్ళు తరతరాలుగా ఇక్కడే జారారు. పాత ప్రతుల్లో "దయ్యం గుడి" అని కనిపిస్తే ఒక్క క్షణం ఆగాలి, అది ఈ గుడే కావచ్చు. ఇంకో గోతి "పారశీక ఆలయం" అన్న మాట. అది చూడగానే నిప్పుగుడి అనుకుంటారు. కానీ ఆ పేరున్నవి ఎక్కువగా క్రైస్తవులవి. అందుకే 745లో చక్రవర్తి ఉత్తర్వుతో వాటి పేరు "దాచిన్ ఆలయం"గా మార్చారు (దాచిన్ అంటే చైనావాళ్ళ మాటలో రోము రాజ్యం).

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను. చావు దగ్గర ఏం చేశారు? వీళ్ళ లెక్కలో శవం మైల, నేల పవిత్రం, నిప్పు ఇంకా పవిత్రం. పాతకూడదు, కాల్చకూడదు. సొంత ఊళ్ళో అయితే శవాన్ని పక్షులకీ కుక్కలకీ వదిలి, శుభ్రపడ్డ ఎముకల్ని మట్టి పెట్టెలో దాచేవాళ్ళు. చైనాలో, అందులోనూ ఉద్యోగమున్న పెద్దమనిషి విషయంలో, అలా చేస్తే అమ్మానాన్నల శవాన్ని కుక్కలకేశారని పేరొస్తుంది. మరి దారి? రాయి. దఖ్మాల్లో (శవాల్ని పక్షులకి వదిలే కట్టడాల్లో) కూడా రాతినేలే కదా, మైలని మట్టికి దిగనివ్వకుండా ఆపేది. చైనాలో అప్పటికే సమాధుల్లో రాతిమంచాలు, ఇంటి ఆకారపు రాతిపెట్టెలు పెట్టే అలవాటుంది. వీళ్ళు వాటినే చేయించుకున్నారు. చూసేవాళ్ళకి చైనా మర్యాద, లోపల ఇరాన్ నియమం.

షియాన్ ఊరి ఉత్తరాన 2000లో బయటపడ్డ ఆన్ జియా సమాధి చూడు. తోంగ్‌జోవు సాబావ్ ఆయన, 579లో 62 ఏళ్ళకి పోయాడు. లోపల బంగారు పూత, రంగులు వేసిన 12 చిత్రాలతో రాతిమంచం. మంచం మీద మాత్రం ఏమీ లేదు! ఎముకలు రాతి తలుపు బయట నడవాలో ఉన్నాయి, పొగచూరిన గుర్తులున్నాయి. తలుపు పైన అర్ధచంద్రాకారపు పలక ఉంది. దాని మధ్యలో మూడు ఒంటెలు వీపు మీద తామరపువ్వు లాంటి పీఠం మోస్తుంటాయి, పీఠం మీద నిప్పు. రెండు పక్కలా నడుము కింద పక్షి, పైన మనిషి అయిన పూజారులు, నోటికి గుడ్డ కట్టుకుని. ఆ గుడ్డ పేరు పదాం. శ్వాస తగిలి నిప్పు మైలపడకుండా కడతారు, మన అగ్యారీల్లో (పార్సీల నిప్పుగుళ్ళలో) దస్తూర్లు, అంటే పూజారులు, ఇప్పటికీ కడుతున్నదే. తామర బౌద్ధుల నుంచి, పలక చైనా శిల్పిది, గుడ్డ మాత్రం ఏమీ మారలేదు.

దగ్గర్లోనే 2003లో విర్కక్ సమాధి దొరికింది. కేష్ మూలాలున్నవాడు. పేరుకి తోడేలు అని అర్థం, చైనాలో ఇంటిపేరు షి. 579లో 86 ఏళ్ళకి పోయాడు, నెల తిరిగేసరికి భార్యా పోయింది. 580లో ముగ్గురు కొడుకులు ఇద్దరినీ ఒకే రాతింట్లో పెట్టారు. సోగ్డియన్‌లో, చైనీస్‌లో శాసనం చెక్కించారు. సోగ్డియన్ భాగంలో దాన్ని "రాతి దేవగృహం" అన్నారు. తూర్పు గోడ మీద చిన్వత్ వంతెన ఉంది, చచ్చాక ఆత్మ దాటాల్సిన వంతెన అది. వంతెన మొదట్లో నోటికి గుడ్డ కట్టిన ఇద్దరు పూజారులు, రెండు కుక్కలు, కింద నీళ్ళలో నోళ్ళు తెరిచిన జంతువులు. దంపతులు దాటుతుంటే వెనక ఒంటెలూ గుర్రాలూ బారుగా వస్తుంటాయి. బేరగాడు కదా, పరలోకానికి కూడా బిడారుతోనే! ఇంకో పక్కన 571 నాటి కాంగ్ యే సమాధిలో మనిషిని పట్టుబట్టలతో నేరుగా రాతిమంచం మీదే పడుకోబెట్టారు. ఒకే ఊరు, పదేళ్ళు కూడా తేడా లేదు, మూడు పద్ధతులు. శాస్త్రం ఇలా అంటుందని ఒకే గీత గీసేవాళ్ళు ఈ మూడు సమాధులకీ జవాబు చెప్పాలి.

తైయువాన్ కథ కూడా కొందరు ఇందులో కలుపుతారు. ఊరి బయట పసుపుగుంట అనే చోట శవాలు వదిలేవారట, వాటిని తినే కుక్కలు వెయ్యిదాకా ఉండేవట, 8వ శతాబ్దంలో లీ గావ్ అనే గవర్నరు కుక్కల్ని చంపించి ఆచారం మాన్పించాడట. చరిత్ర పుస్తకం వాళ్ళని ధ్యానం చేసే బౌద్ధులంటుంది. పోలిక ఉన్న మాట నిజమే, కానీ నేనైతే దాన్ని గట్టి సాక్ష్యంగా లెక్కపెట్టను.

దేవుళ్ళ సంగతికొస్తే నువ్వు నవ్వుతావు. తాంగ్ కాలపు చాంగాన్ వర్ణనలో బూజెంగ్ పేట గుడి దేవుడు "బౌద్ధ గ్రంథాల్లో చెప్పే మహేశ్వరుడే" అని రాశారు. పొరపాటనిపిస్తుంది కానీ పూర్తిగా కాదు. సోగ్డియన్లే బౌద్ధ గ్రంథాలు అనువదించుకున్నప్పుడు బ్రహ్మకి జుర్వాన్ (కాలదేవుడు) అని, ఇంద్రుడికి అద్బగ్ (అంటే వాళ్ళ పరమదేవుడు అహుర మజ్దా) అని, మహాదేవుడికి వేష్‌పర్కర్ అని జోడీలు కట్టుకున్నారు. వేష్‌పర్కర్ అంటే మన వాయువే, బొమ్మలో మాత్రం మూడు తలలు. సాసానీ రాజులు ఇరాన్‌లో విగ్రహాలు తీయించి నిప్పే ఉంచారు, సోగ్డియన్లు బొమ్మలు వదల్లేదు. అందుకే దున్‌హువాంగ్ ఊరికి తూర్పున 1 లీ (సుమారు అర కిలోమీటరు) దూరంలో ఉన్న గుడిలో రంగుల్లో గీసిన దేవతలు, 20 గూళ్ళు, 100 అంగల చుట్టుకొలత గల ఆవరణ ఉన్నాయని లెక్క రాశారు. చైనావాళ్ళకి ఇది మామూలు గుడిలాగే కనిపించింది. మతం అక్కడ ఇమిడిందంటే సగం కారణం ఈ బొమ్మలే.

మిగతా సగం తమాషా. లోయాంగ్ గుళ్ళలో ఏటా వర్తకులు పందుల్ని, గొర్రెల్ని కోసి, డప్పులు వేణువులు వాయించి, తాగి ఆడేవాళ్ళు. తర్వాత ఒకతను కత్తితో పొట్ట పొడుచుకుని తిప్పేవాడు, భోజనం చేసేంత సేపయ్యాక నీళ్ళు చిమ్మి మంత్రం చదివితే మామూలైపోయేవాడట. హామి ఊరి పూజారి జాయ్ పాంథువో ఏకంగా రాజధానికెళ్ళి పొట్టలో కత్తి దింపుకుని, రాజ్యం తలపెట్టిన పనులన్నిటికీ దేవుడు తోడున్నాడని చెప్పి సేనాని బిరుదు కొట్టేశాడు. "పాంథువో" అంటే సోగ్డియన్ "వందక్", సేవకుడు. హైదరాబాద్‌లో మనం వినే "బందా" దానికి దాయాది.

ఇక చైనా జనం మొక్కకూడదన్న ఆ షరతు సంగతి. దున్‌హువాంగ్ మీద రాసిన ఒక చైనీస్ పద్యం చూడు, జిల్లా మొత్తం ఈ గుడిలో మేలు కోరుకుంటుందట, వానల పూజలో పొద్దునా సాయంత్రం మద్యం తాడులా ధార కడుతుందట. 9, 10 శతాబ్దాల సర్కారు ఖాతాల్లో "షియెన్ పూజకి బొమ్మల కాగితం 30 తావులు" అని పద్దు. ఇంకోచోట దేవుడి తిండి 57 వంతులు, దీపాల నూనె 1 షెంగ్, మాంసం కూరిన పేగులు 9 షెంగ్. షెంగ్ అంటే సుమారు 600 మిల్లీలీటర్లు. పొట్టలో కత్తి లేదు, వాళ్ళ మతగ్రంథం అవెస్తా లేదు. కాగితం, నూనె, మద్యం, వాన. చైనా ఊరి దేవుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈలోగా పైన దెబ్బలు పడ్డాయి. 755లో తాంగ్ రాజ్యం మీద తిరగబడ్డ సేనాని ఆన్ లుషాన్ తండ్రి వైపు సోగ్డియన్ వాడే. లుషాన్ అంటే రొఖ్షన్, మన రోషన్ లాంటి పేరే, వెలుగు అని. వర్తకులొస్తే పరదేశి దుస్తుల్లో ఎత్తు మంచమెక్కి, ధూపం వేయించి, వాళ్ళతో ఆకాశదేవుడికి మొక్కించేవాడు. తిరుగుబాటు తర్వాత ఆ ఇంటిపేరంటేనే జంకు పుట్టింది. సేనాని ఆన్ చోంగ్‌జాంగ్ చక్రవర్తిని వేడుకుని లీ బావ్‌యూ అయ్యాడు. 845లో వుజోంగ్ చక్రవర్తి మఠాలు మూయించినప్పుడు ఇంటికి పంపిన బౌద్ధ భిక్షువులు, భిక్షుణులు 2,60,000 మంది. క్రైస్తవ, జరతుష్ట్ర పూజారులు కలిపి 3000 చిల్లర. ఆ అంకెల్లోనే తేడా తెలుస్తుంది. అయినా 874లో చాంగాన్‌లో 26 ఏళ్ళకి పోయిన ఒక సూరేన్ వంశపు ఆడపడుచు సమాధి రాతి మీద పహ్లవీలో (పాత ఇరాన్ భాష), ఆమె స్థానం ఓర్మజ్ద్‌తో (అహుర మజ్దా), ఆయన తోటి దివ్యశక్తులైన అమెష స్పెంతలతో పరలోకంలో ఉండాలని చెక్కారు. కిందే చైనీస్ శాసనం, అందులో ఆమెకి "మా" అనే చైనా ఇంటిపేరు.

నువ్వడిగిన రెండో ప్రశ్న: పార్సీలు గుజరాత్‌లో నిలిచారు, అక్కడెందుకు కరిగిపోయారు? నా లెక్కలో కారణం పూజారులే. ఇక్కడ పూజారి వంశం, మంత్రపాఠం, పెళ్ళి కట్టుబాటు కలిసి నడిచాయి. అక్కడ పూజారికి కాగితం ఇచ్చేది సర్కారు. 960లో సోంగ్ తాయ్‌జు చక్రవర్తి యుద్ధం గెలిచాక పూజలు చేయించిన చోట్లలో తాయ్ పర్వతం, ఊరి కోట దేవుడితో పాటు షియెన్ గుడి కూడా ఉంది. 12వ శతాబ్దంలో కైఫెంగ్ ఉత్తరాన ఉన్న గుడి పూజారి పేరు షి షిషువాంగ్. తరతరాలుగా మాదే అర్చకత్వం అంటూ మూడు నియామక పత్రాలు చూపించాడు. 862ది ఒకటి, 956ది ఒకటి, 958ది ఒకటి, మూడూ అక్కడి చైనా అధికారులిచ్చినవే. ఇంటిపేరు గమనించావా? షి. రాతింట్లో పడుకున్న విర్కక్‌దీ అదే అక్షరం, కేష్ వాళ్ళ ఇంటిపేరు.

నీ,
రాఘవ