చెరువుల మీద డ్రోన్ షూట్ బుక్ చేసుకున్నోళ్లందరికీ ఒక మాట

నమస్తే అన్నలు, అక్కలు. హనుమకొండ నుంచి మీ డ్రోన్ షూట్ తమ్ముడిని. మే నెలల లక్నవరం కాడ చేసిన ఒక ప్రీవెడ్డింగ్ వీడియో ఖరాబైన సంగతి మీలో కొందరికి ఇప్పటికే తెల్సు, పెళ్లి పిల్ల వాళ్ల అక్క మనకు పాత కస్టమర్, మాట ఇంకో రెండిళ్లకు పోయింది, ఫోన్లు కూడా వచ్చినయ్. అందుకే ఏం జరిగిందో నేనే మొత్తం చెప్తున్న, ఇగ ముంగట ఏం మారుస్తున్నమో కూడా.

వాళ్లు అడిగిన షాట్ మస్తు మంచి షాట్. ఇద్దరు బోట్ల కూసుంటరు, కెమెరా పైనుంచి నిట్టనిలువుగ వాళ్లనే చూస్తది, డ్రోన్ వెనక్కి జరుగుకుంట కెమెరా మెల్లగ పైకి లేస్తది, ఫస్ట్ బోటు, తర్వాత నీళ్లు, తర్వాత వేలాడే బ్రిడ్జి, ఆఖరుకు గుట్టలు. పొద్దున ఏడుకు అనుకున్నం, కానీ వాళ్లకు మేకప్ లేటయింది, తొవ్వల బండి ఆగింది, నీళ్ల మీదికి వచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పుడు నేను "వద్దక్కా, ఇప్పుడు ఈ షాట్ రాదు" అనాలె. అనలేదు. అంత దూరం వచ్చిండ్రు, ఉత్తగ ఎట్ల పంపాలె అని ఎగరేసిన. ఆ తప్పు పూర్తిగ నాది.

నేల మీద కెమెరా ఎటు వంచినా పెద్ద ఫరక్ పడదు, నీళ్లు అట్ల కాదు, నీళ్లంటే అద్దం. మే రెండో వారంల మన వరంగల్ దిక్కు పన్నెండు దాటంగనే సూర్యుడు సరిగ్గ నెత్తి మీదికి వస్తడు, మనిషి నీడ కాళ్ల కిందనే ఉంటది. ఆ టైంల కెమెరాను 90 డిగ్రీలు కిందికి వంచితే సూర్యుని మెరుపు ఫ్రేం నట్టనడుమ పడ్తది, అంటే బోటు ఎక్కడుందో అక్కడనే. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా ఎంత వెలుగు తీసుకోవాలన్న సెట్టింగ్, ఆటోల ఉండె, ఆ తెల్ల మెరుపును చూసి కెమెరా అంతా చీకటి చేసింది, ఇద్దరి మొఖాలు నల్లగ అయినయ్, మళ్ల కెమెరా పైకి లేవంగనే ఆకాశం వచ్చి ఇంకోసారి వెలుగు మారింది. పైగా రిమోట్ మీద ఎడమ చూపుడు వేలు కింద ఉండే చక్రం, దాంతోనే కెమెరా కోణం మారుతది, దాని స్పీడ్ నేను తగ్గించుకోలేదు. నీళ్ల మీద చెట్టో గట్టో గుర్తు లేదు కాబట్టి ఎంత జల్ది తిప్పుతున్ననో స్క్రీన్ల తెల్వలేదు, ఇంట్ల పెద్ద స్క్రీన్ మీద చూస్తే నడుమ ఒక కుదుపు కొట్టొచ్చినట్టు కనబడ్డది. ఎడిటింగ్‌ల కలర్ సరిచేసి ఇచ్చిన గానీ, పిల్ల ఫోన్ చేసి "అన్నా, మొఖాలే కనబడ్తలేవు" అన్నది. ఆ మాట నాకు మస్తు బాధైంది, పెళ్లికి ముందు తీసుకునే వీడియో మళ్ల మళ్ల తీసుకునేది కాదు కదా. పైసలు తీసుకోకుండ మళ్ల పోయినం, పొద్దున ఏడుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు అయిపోగొట్టినం, ఈసారి వాళ్లింట్ల అందరికీ నచ్చింది.

అప్పటి నుంచి ఫోన్ల సూర్యుని ఎత్తు చూసుకోకుండ నీళ్ల మీదికి పోతలేను. లెక్క సులువే, సూర్యుడు ఎన్ని డిగ్రీల ఎత్తుల ఉన్నడో, అటు మొఖం పెట్టి కెమెరాను అన్నే డిగ్రీలు కిందికి వంచితే మెరుపు నడుమల కొడ్తది. పొద్దున 20 డిగ్రీల మీద ఉన్నప్పుడు కెమెరాను 60 దాకా వంచితే మెరుపు ఫ్రేంల రాదు, లేకుంటే సూర్యునికి వీపు పెట్టి ఎగరేస్తే సరిపోతది. ఇంకోటి, కెమెరా ఎంత నిటారుగ కిందికి చూస్తే నీళ్ల అసలు రంగు అంత కనబడ్తది, వాలుగ చూస్తే ఆకాశమే నీళ్లల్ల కనబడ్తది. సాయంత్రం ఎర్ర ఆకాశం కావాలంటే వాలుగ పెడ్త. సద్దుల బతుకమ్మకు చెరువుల వదిలిన బతుకమ్మలు తీయాలంటే బాగ కిందికి వంచుత, అప్పుడు నీళ్లు నల్లగ అయ్యి తంగేడు పసుపు, గునుగు తెలుపు పైకి తేలి కనబడ్తయ్. అది చూసినోళ్లకు తెలుస్తది ఎంత ముద్దుగుంటదో. అయితే జనం నెత్తి మీద మాత్రం ఎగరేయను, ఒడ్డుకు దూరంగ నీళ్ల వైపు నుంచే తీస్త.

పోలరైజర్ ఫిల్టర్ కూడా కొన్న, అంటే లెన్స్ ముంగట పెట్టి తిప్పుకునే ఒక అద్దం. కెమెరా దాదాపు 37 డిగ్రీలు కిందికి వంగినప్పుడు అది నీళ్ల మెరుపును అన్నిటికన్న బాగ కోస్తది, నిట్టనిలువుగ చూసే షాట్‌ల దాంతోని లాభం ఉండదు. గాల్లో ఉన్నప్పుడు దాన్ని తిప్పరాదు, కిందనే సెట్ చేసుకోవాలె. నీళ్ల మెరుపుకైతే డ్రోన్ ఎటు తిరిగినా ఒకటే సెట్టింగ్ నడుస్తది, ఎందుకంటే గింబల్, అంటే డ్రోన్‌కు కెమెరాను పట్టుకునే భాగం, కెమెరాను ఎప్పుడూ సమానంగ పట్టుకుంటది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) లాక్ చేసినంకనే రికార్డ్ నొక్కుతున్న.

ఇగ "ఇంకా కిందికి అన్నా, నీళ్లకు తాకేటట్టు" అని అడిగేటోళ్లకు. ఈ ఒక్కటి నేను చేయను, దయచేసి ఏమనుకోకండి. డ్రోన్ కిందికి చూసే సెన్సార్లు నేల మీద గుర్తులు పట్టుకొని నిలబడ్తయ్, అలలు కదుల్తుంటే వాటికి లెక్క తప్పుతది, డ్రోన్ పక్కకు జారొచ్చు, మెల్లగ దిగొచ్చు కూడా. కెమెరా నిలువుగ కిందికి చూస్తున్నప్పుడు స్క్రీన్ల ఆకాశం అంచు ఉండదు, దిగుతున్న సంగతి స్క్రీన్ చూసే నాకు తెల్వదు. స్క్రీన్ మీద చూపించే ఎత్తు కూడా ఎగిరిన జాగ నుంచి లెక్క, నీళ్ల నుంచి కాదు, కట్ట మీదనుంచి లేపినమా ఒడ్డునుంచి లేపినమా అన్నదాన్ని బట్టి మారుతది. అందుకే నీళ్లకు 6 మీటర్ల కన్న తక్కువకు పోను, ఇగ నుంచి మా తమ్ముడు పక్కన నిలబడి స్క్రీన్ కాదు, డ్రోన్‌నే కండ్లతో చూస్తుంటడు, నేను కెమెరా కోణం చూసుకుంట. బోటు మీదనుంచి లేపుడు కూడా బంద్, సిగ్నల్ పోతే డ్రోన్ లేచిన జాగకే తిరిగొస్తది, అప్పటికి బోటు అక్కడ ఉండదు.

రామప్ప గుడి, పాకాల గురించి కూడా చాలామంది అడుగుతున్నరు. రామప్ప 2021ల యునెస్కో లిస్టుల చేరింది, గుడి పురావస్తు శాఖ కింద ఉంటది, పాకాల అభయారణ్యం, రెండు జాగలల్ల రాతపూర్వక పర్మిషన్ చేతిల లేకుండ నేను డ్రోన్ బయటకు తీయను.

చెరువుల షూట్లు ఇగ నుంచి పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర, లేకుంటే సాయంత్రం నాలుగున్నర తర్వాతనే. రేటు పెంచుతలేను. పగటి పూట టైంకు ఇప్పటికే బుక్ చేసుకున్నోళ్లు ఈ ఆదివారం లోపు మెసేజ్ పెట్టండి, టైం మార్చుకోవచ్చు, మార్చరాకుంటే నీళ్లు వదిలి గుట్టల దిక్కు, బ్రిడ్జి దిక్కు ప్లాన్ చేద్దం, అదీ వద్దంటే అడ్వాన్స్ మొత్తం వాపస్ ఇస్త. ఇంతకుముందు మా దగ్గర తీసిన చెరువు వీడియోలల్ల ఇట్లనే మొఖాలు నల్లగ వచ్చినవి ఎవ్వరి దగ్గరన్న ఉంటే మొహమాటపడకుండ చెప్పండి, ఒరిజినల్ ఫైళ్లు నా దగ్గర ఉన్నయ్, కూసోని ఒక్కొక్కటి మళ్ల చూస్త.