ఫ్రెంచి నేర్పడానికి ఇంగ్లీషు దారెందుకు?

ఎడిటర్ గారికి,

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునే పిల్లలు మన దగ్గర ఉన్నారు. మార్కులు బాగా పడతాయని తీసుకుంటారు, తప్పేమీ లేదు. నా గొడవంతా ఆ భాషని వాళ్లకి ఇంగ్లీషు మీదుగా చెప్పే పద్ధతితోనే, అందులోనూ ‘ఎంపెరాతిఫ్’ పాఠంతో, అంటే ఎదుటివాళ్లకి పని పురమాయించడం.

ట్యూషన్‌కొచ్చే పిల్లలు తెచ్చే గైడ్లలో ఒక టేబుల్ ఉంటుంది: వా, అలోఁ, అలే. పక్కన ఇంగ్లీషులో ‘గో’, ‘లెట్ అజ్ గో’, మళ్లీ ‘గో’. మొదటి దానికీ మూడో దానికీ తేడా ఏంటో పిల్లాడికి అంతుపట్టదు, బట్టీ కొట్టేస్తాడు. అదే అక్కడ వెళ్లు, వెళ్దాం, వెళ్లండి అని రాస్తే ఇంక వివరించడానికేముంది? క్రియ చూస్తేనే ఎవరితో మాట్లాడుతున్నామో తెలుస్తుంది కాబట్టి మనం నువ్వు, మీరు వదిలేసినట్టే వాళ్లూ సర్వనామం వదిలేస్తారు. సార్‌ని ‘రా’ అనడానికి నోరు రాని పిల్లలు కూడా ఫ్రెంచిలో మొహమాటం లేకుండా ‘వ్యాఁ’ అనేస్తున్నారు, గైడ్‌లో దాని పక్కన ‘కమ్’ అని ఉంది మరి! ‘వెనే’ అనాలని ఎవరూ చెప్పరు. రేపు చదువుకోడానికి ఫ్రాన్స్ వెళ్లి బేకరీలో ‘దొన్ మ్వా’ అంటే ‘నాకివ్వు’ అన్నట్టే. (మన లెక్క పూర్తిగా కుదరదులెండి, అక్కడ చాలా ఇళ్లలో అమ్మమ్మనీ ‘తు’ (నువ్వు) అనే అంటారు, కొత్తవాళ్లని మాత్రం ‘వు’ (మీరు).)

ఇంకోటి. ‘చేతులు కడుక్కో’ అనడానికి వాళ్లు ‘లావ్ త్వా లే మాఁ’ అంటారు. క్రియ తర్వాత అతుక్కున్న ఆ ‘త్వా’ ఎందుకో ఇంగ్లీషులోంచి చెప్పాలంటే అరగంట పడుతుంది, మనకి ‘కడుక్కో’లో ‘కో’ ఉంది కదా, అదే అంటే అయిపోతుంది. వంటల సంగతీ అంతే. ‘ఉప్పు వేయాలి, కలపాలి’ అని మనం మనిషి ప్రసక్తి లేకుండా రాసినట్టు వాళ్లూ వంటల పుస్తకాల్లో ఆజ్ఞకి బదులు క్రియ అసలు రూపాన్నే చాలాసార్లు వాడతారు: ‘అజూతే’, అంటే ‘కలపాలి’. గమ్మత్తేంటంటే ‘కలపండి’ అన్నా అదే శబ్దం, రాతలో చివర ఒకదానికి ఆర్, ఇంకోదానికి జెడ్. ‘పొగ త్రాగరాదు’ లాంటి బోర్డులూ ఈ బాపతే.

తెలుగు చేతులెత్తేసే చోటు కూడా ఉంది. వద్దని చెప్పాల్సి వస్తే ఆ ‘త్వా’లూ ‘మ్వా’లూ క్రియ ముందుకి దూకుతాయి, రూపం కూడా మారుతుంది: ‘రెగార్ద్ మ్వా’ (నన్ను చూడు), ‘న మ రెగార్ద్ పా’ (నన్ను చూడకు). పిల్లలకి మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి టైమంతా ఇక్కడ పెట్టాలి. ఆ తర్వాత ఎస్ గొడవ. er అక్షరాలతో ముగిసే క్రియలకి ‘తు’ రూపంలో ఎస్ తీసేయాలి. అది ఎలాగూ పలకదు, చెవికి తెలియదు, పేపర్ దిద్దేవాళ్లకే తెలుస్తుంది. కానీ వెనకే ‘ఇ’ (y, అంటే ‘అక్కడికి’) అనే చిన్న మాట వస్తే తిరిగొస్తుంది: ‘వా’ కాస్తా ‘వాజీ’ అవుతుంది. ఎత్ర్, అవ్వార్, సవ్వార్, వూల్వార్ క్రియలు మాత్రం బట్టీ కొట్టాల్సిందే, దానికి నేనేం అనను.

మీ పేపర్ విద్యార్థుల పేజీలో ఇంటర్ మెటీరియల్ వేసేటప్పుడు ఫ్రెంచికి ఇంగ్లీషు అర్థాల బదులు తెలుగు అర్థాలు వేయగలరా? ముందు ఈ ఒక్క పాఠానికైనా. కావాలంటే టేబుల్ నేనే రాసి పంపుతాను, పారితోషికం అక్కర్లేదు.

— ఒక ఫ్రెంచ్ ట్యూషన్ టీచర్, కాకినాడ