మీ నాయిన గురించి

దేవరకొండ

ప్రియమైన నరసింహా,

మొన్న ఆదివారం మీ ఊరికి వెళ్ళి మీ నాయినను చూసి వచ్చాను. ఫోన్‌లో రెండు మాటలు చెప్పి ఊరుకునే సంగతి కాదు కనుక చాలా కాలానికి కాగితం ముందు కూర్చున్నాను. ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగితే మోకాళ్ళ నొప్పులు, గ్యాస్, నిద్ర పట్టకపోవడం అన్నీ చెప్పారు కానీ, మీ అమ్మ పోయిన సంగతి మాత్రం ఎత్తలేదు. మేకుకు రేడియో వేలాడుతూనే ఉంది, సెల్లులు లేవు. పొద్దున వార్తలు వినకుండా చాయ్ ముట్టని మనిషని నీకు నేను చెప్పాలా! నేను లేవబోతుంటే, కిరాణా దుకాణం బాకీ కట్టేశాననీ, పట్టాదారు పాసుపుస్తకం ఇక నీకు ఇచ్చేస్తాననీ అన్నారు. ఆ మాటకు నాకు గుండె ఝల్లుమంది.

నీకెప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళ కింద మా నాయిన కూడా ఇట్లాగే బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇగ నీ దగ్గర్నే ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. అప్పటికి రెండు బోర్లు ఎండి, బత్తాయి తోట కొట్టేసి ఏడాది అయింది. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి అంటుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ బలం సూదులు వేశాడు, గ్లూకోజ్ ఎక్కించాడు; పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రివాళ్ళు స్కానింగులన్నీ తీసి, వయసు పైబడింది కదా అని పంపించారు. మనసు ఎట్లా ఉందని ఒక్కరూ అడగలేదు, నాతో సహా. ముసలివాళ్ళలో, అందులోనూ మగవాళ్ళలో, డిప్రెషన్ చాలాసార్లు కన్నీళ్ళుగా కాక నొప్పిగా, చిరాకుగా, మతిమరుపుగా, తిండి సయించకపోవడంగా బయటపడుతుందని, థైరాయిడ్ తగ్గినా బీ12 లోపించినా ఇట్లాగే ఉండవచ్చు కనుక ముందు రక్తపరీక్షలు చేయించాలని, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాకే నాకు తెలిసింది.

2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 1,18,979 మంది మగవాళ్ళు. ప్రపంచం మొత్తం మీద చూస్తే డెబ్బై దాటినవాళ్ళలోనే ఈ మరణాల రేటు ఎక్కువ. ఆడవాళ్ళు అరుగు మీద నలుగురితో చెప్పుకొని ఏడుస్తారు. మన నాయినలు "నాకేమైంది" అని తువ్వాల దులుపుకొని లేచిపోతారు.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేను చాలా రోజులు వెనకాడాను. అది ఉత్త భయం. ఒక రాత్రి వాకిట్లో మంచం మీద పక్కన కూర్చుని, "నాయినా, సచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని సూటిగానే అడిగాను. చాలాసేపు తువ్వాల అంచు మడుస్తూ, విప్పుతూ ఉండి, "అనిపిస్తున్నది" అన్నాడు. ఆ తర్వాత రెండు గంటల రాత్రి దాకా ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. తెల్లారగానే కొట్టంలోని పురుగుమందు డబ్బాలన్నీ తమ్ముడి ఇంటికి తరలించి తాళం వేయించాను. మీ ఇంట్లో కూడా ముందు ఆ పని చెయ్యి. ఆ తలంపు తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, అప్పుడు చేతికి అందకపోవడమే పెద్ద రక్షణ. శ్రీలంకలో విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి.

మా చిన్నమ్మ మాత్రం "బయట చెప్పకుండ్రి, పోలీసు కేసైతది" అని ఒకటే గోల. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి తప్ప శిక్షించకూడదు. ఇక పట్నంలోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అంటే మనవాళ్ళకుండే భయం నీకు తెలుసు. అంత దూరం పోనక్కరలేదు, నల్లగొండ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనే చూపించవచ్చు. ఈలోగా ఏ రాత్రైనా నీకు భయమేస్తే 14416కు ఫోన్ చెయ్యి, అది టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, ఇంటివాళ్ళు కూడా చేయవచ్చు.

మందులు పని చేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మూడో వారంలో మా నాయిన మాత్రలు పెంట మీద పారేయబోయాడు. ఐదో వారంలో ఒక పొద్దున తనంతట తానే మంగలిని పిలువమన్నాడు.

శనివారం నువ్వు బస్సు దిగే వేళకు నేను అక్కడ ఉంటాను. ఆయన పాసుపుస్తకం చేతికిస్తే "ఇప్పుడెందుకు నాయినా" అని మాట దాటేయకు. ఎందుకిస్తున్నావని అడుగు, జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చో.

నీ
యాదగిరి