ఇళ్ల కప్పులు లెక్కపెడితే చాలదు, అంతస్తులూ లెక్కపెట్టాలి

సంపాదకుడి గారికి,

రామంతాపూర్‌లో మా వీధికి 1998లో వచ్చాం. అప్పుడు 18 ఇళ్లు. ఇప్పుడూ పైనుంచి చూస్తే 18 కప్పులే. కానీ వాటిలో 11 అపార్ట్‌మెంట్లు: కింద స్టిల్ట్ (బండ్లు పెట్టుకునే ఖాళీ అంతస్తు), పైన మూడు అంతస్తులు, ఆపైన రేకుల పెంట్‌హౌస్. డ్రైనేజీ పైపు మాత్రం అప్పటిదే. గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత లేచి మురుగు మా గేటు దాకా వస్తుంది.

ఈమధ్య మా అబ్బాయి గూగుల్ ఎర్త్‌లో మా వీధి పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాడు. వేపచెట్లు పోయాయి, ఇళ్ల మధ్య సందులు మూసుకుపోయాయి. అంతకుమించి పెద్ద తేడా కనిపించలేదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను. 2011 తర్వాత జనాభా లెక్కల కొత్త అంకెలు ఇంకా చేతికి రాలేదు కాబట్టి, ఎక్కడ ఎంత ఇరుకుగా కట్టారో ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేయడం మంచి పనే. ఆ అంచనా కప్పుల దగ్గరే ఆగిపోతే మాలాంటి వీధులకు న్యాయం జరగదు.

ఉచితంగా దొరికే సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 10 మీటర్లకు 10 మీటర్లు, అంటే సుమారు 120 గజాలు. మా 200 గజాల ప్లాటు రెండు చుక్కలు కూడా కాదు. ఇల్లు, ప్రహరీ, కొంత రోడ్డు అన్నీ అందులో కలిసిపోతాయి. పైగా మనది రాతి నేల. ఎండాకాలంలో బోడి నేల, బండరాయి, సిమెంటు కప్పు కంప్యూటర్‌కి ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. బస్తీల్లో ఆనుకుని ఉన్న రేకుల ఇళ్లు ఒకే పెద్ద బిల్డింగ్‌లా తేలే ప్రమాదమూ ఉంది. అలాంటి లెక్క పట్టుకుని పేదలకు నోటీసులు ఇవ్వకూడదు.

ఇంతకంటే మంచి చిత్రాలు మన దేశానికి ఉన్నాయి. 2005లో పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో తీసి ఎత్తులు చెప్పగలిగింది. 2019 నాటి కార్టోశాట్-3 సుమారు 25 సెంటీమీటర్ల వస్తువును కూడా పట్టుకుంటుంది. ఆ చిత్రాలు చూసుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది. వాళ్ల సాయం తీసుకుని, వార్డుల వారీగా కప్పుల విస్తీర్ణమే కాక అంతస్తులన్నీ కలిపిన విస్తీర్ణం లెక్కగట్టి, పక్కనే డ్రైనేజీ, మంచినీటి పైపుల సైజులు వేసి జనం ముందు పెట్టాలి.

మన దగ్గర 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్ల దాకా అంతస్తులన్నీ కలిపి కట్టొచ్చనే హద్దు, ఎత్తేశారు. ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు చూసి ఎత్తుకు అనుమతి ఇస్తున్నారు. ఏ ప్లాటుకు ఆ ప్లాటు సరిగానే ఉండొచ్చు. వీధి మొత్తం మీద ఎంత భారం పడిందో చూసేవాళ్లే లేరు.

చిత్రం చెప్పింది నిజమో కాదో తేల్చడానికి ప్రతి వార్డులో కొన్ని వీధులు మనుషులు నడిచి చూడాలి. పెద్ద కష్టం కాదు. స్టిల్ట్‌లో వరుసగా బిగించిన కరెంటు మీటర్లు లెక్కపెడితే ఆ బిల్డింగ్‌లో ఎన్ని కాపురాలో దాదాపు తెలిసిపోతుంది. మా పక్క బిల్డింగ్‌లో 13 మీటర్లున్నాయి. ఆ స్థలంలో ఒకప్పుడు ఒక్క కుటుంబం ఉండేది.

పోయిన వారం మా వీధి చివర మరో పాత ఇల్లు కూల్చారు, బోరు కూడా వేశారు. పునాది పడేలోపు ఎవరైనా అధికారి వచ్చి మా వీధి పైపు ఎన్ని అంగుళాలో ఒకసారి చూడాలని మా కాలనీవాళ్లందరి తరఫున కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, రామంతాపూర్, హైదరాబాద్