అలర్జీకి డబ్బాల వైద్యం

సంపాదకుల వారికి,

వానలు తగ్గుముఖం పట్టాక హైదరాబాద్ శివార్ల ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ (పార్థీనియం కలుపు మొక్క) విరగబూసి, తుమ్ములతో, కళ్ల దురదతో జనం అవస్థ పడే ఈ రోజుల్లో, మందుల దుకాణాల్లో క్వెర్సెటిన్ (మొక్కల్లో సహజంగా ఉండే ఒక పదార్థం), విటమిన్ సి, తేనెటీగల పుప్పొడి వంటివి అలర్జీకి ఉపశమనమన్న మాటతో అమ్ముడవుతున్నాయి. ఆహార భద్రత, ప్రమాణాల నిబంధనల ప్రకారం ఆహార సప్లిమెంట్లుగా అమ్మే ఇటువంటివి ఆహార పదార్థాలే గానీ ఔషధాలు కావు. ఔషధంగా వాడరాదన్న సూచన లేబుల్‌పై ఉండాలి, జబ్బు నయం చేస్తాయని చెప్పుకోకూడదు. ఆ సూచనను చదవాలంటే మాత్రం భూతద్దం కావాలి.

క్వెర్సెటిన్ ప్రయోగశాలలో మాస్ట్ కణాల (అలర్జీలో పాలుపంచుకునే రోగనిరోధక కణాలు) నుంచి తుమ్ములు, దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం విడుదలను తగ్గిస్తుందన్నది నిజమే అయినా, మనుషుల్లో దాని ప్రయోజనానికి ఆధారాలు పరిమితం. రక్తం పలచబరిచే మందులు వాడే పెద్దలు వైద్యులను అడగకుండా దాని జోలికి పోకపోవడమే మేలు. పుప్పొడి మాత్రల సంగతి మరీ విడ్డూరం: పుప్పొడి పడనివారికే పుప్పొడి అమ్మడం! అది తిన్న కొందరిలో తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యలు తలెత్తినట్లు వైద్య నివేదికలు ఉన్నాయి. వైద్యులు సూచించే యాంటీహిస్టమిన్ మాత్రలకూ, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలకూ ఇంతకంటే గట్టి రుజువు ఉంది.

ఆహార భద్రత అధికారులు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఈ ప్రచారాన్ని తనిఖీ చేయాలని, పురపాలక సిబ్బంది పూతకు రాకముందే వయ్యారిభామను పీకించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్